సందేహహరణం

ఇద్దరు మనుషుల మధ్య తగవు పుట్టి, అది మూడో మనిషి ముందుకు చేరి, ఏదో ఒకవైపు తేలే దాకా నడిచే దారికి మన పూర్వులు పెట్టిన పేరు వ్యవహారం. ఆ దారిని గురించిన చదువుకూ అదే పేరు. ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్రం అంటున్నాం. పాత గ్రంథాల్లో న్యాయశాస్త్రమంటే గౌతముడి తర్కం. ధర్మశాస్త్రమంటే స్నానసంధ్యల నుంచి రాజనీతి దాకా, పుట్టుక నుంచి అపరకర్మల దాకా అన్నీ ఇమిడిన పెద్ద విద్య. అందులో తగవుల భాగాన్ని విడదీసి చూపడానికి శాస్త్రకారులు ఎంచుకున్న మాట వ్యవహారం. శాస్త్రపదాల్లో ఇంత అందమైనది నాకు మరొకటి కనిపించలేదు.

కాత్యాయన స్మృతి ఈ పదాన్ని మూడు ముక్కలు చేసింది. 'వి' అంటే నానావిధాలైనది, 'అవ' అంటే సందేహం, 'హారం' అంటే హరించడం. రకరకాల సందేహాలను హరిస్తుంది కనుక వ్యవహారం. వైయాకరణుడు దీన్ని ఒప్పుకోడు. 'హృ' ధాతువు మీద రెండు ఉపసర్గలు చేరాయని చెప్పి, 'అవ'కు సందేహమన్న అర్థం ఎక్కడిదని నిలదీస్తాడు. అతని మాట నిజమే. కాత్యాయనుడు ఇక్కడ చేసింది కవి చేసే పని. పదం ఎక్కడి నుంచి వచ్చిందో కాక, ఆ పదం ఏం కావాలో చెప్పాడు.

ఈ నిర్వచనంలో ఏమి లేదో చూడండి. రాజు లేడు. దండం లేదు. పాపం లేదు, పగ లేదు, నేరస్థుడన్న మాటే లేదు. సభ ముందు నిలబడ్డ ఇద్దరిలో ఎవరూ శత్రువు కాదు. శత్రువు ఒక్కటే, సందేహం. దాన్ని తీసివేయడమే పని. అది తీరాక మిగిలేది ఎవరికి చేదైనా, ఎవరికి తీపైనా ఒప్పుకోవలసిందే. న్యాయవిచారణకు ఇంత నిర్మలమైన లక్ష్యాన్ని ఒక్క పదంలో నిలిపిన బుద్ధికి నమస్కరించకుండా ఉండలేం.

ఈ పదం తెలుగు కావ్యభాషలోకి ఒక శాస్త్రంగా నడిచి వచ్చింది 13వ శతాబ్దంలో, మూలఘటిక కేతన చేతుల మీదుగా. తిక్కన శిష్యుడైన కేతన మూడు పనులు చేశాడు. దండి వచనంలో చెప్పిన కథలను దశకుమారచరిత్రంగా మలిచి తిక్కనకు అంకితమిచ్చాడు. తెలుగుకు తెలుగులోనే పద్యాలలో వ్యాకరణం చెప్పి ఆంధ్రభాషాభూషణం రాశాడు. విజ్ఞానేశ్వరుడి మితాక్షరను విజ్ఞానేశ్వరీయమన్న పేరుతో పద్యాలలోకి తెచ్చాడు. కథ, వ్యాకరణం, ధర్మశాస్త్రం: ఒక భాష తన కాళ్ల మీద తాను నిలబడడానికి కావలసిన మూడింటినీ ఒకే మనిషి తలకెత్తుకున్నాడు. గురువు భారతాన్ని తెనిగిస్తున్న కాలంలోనే శిష్యుడు న్యాయాన్ని తెనిగించాడు. తెలుగువాడు తన తగవును తన భాషలో ఆలోచించుకోగలడన్న నమ్మకం ఆ పద్యాల వెనుక ఉంది.

మూలగ్రంథం మితాక్షర యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్య. విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి (1076–1126) కాలంవాడు. ఆ కల్యాణ నగరమే నేడు కర్ణాటక బీదర్ జిల్లాలోని బసవకల్యాణ్. యాజ్ఞవల్క్యుడి మాటలను తనకు ముందు విశ్వరూపుడు జటిలమైన విస్తారవాక్యాలలో వ్యాఖ్యానించాడనీ, తాను చిన్నవాళ్లకు సైతం తెలిసేలా సూటిగా, కొలిచిన అక్షరాలతో వివరిస్తున్నాననీ అతడు మొదట్లోనే చెబుతాడు. మితాక్షర అన్న పేరు అలా వచ్చింది. గ్రంథమంతా ఆ మితాన్ని పాటించి, చివరికి వచ్చేసరికి మాత్రం మనసు విప్పుతాడు. కల్యాణం వంటి నగరం, విక్రముడి వంటి రాజు, విజ్ఞానేశ్వరుడి వంటి పండితుడు ముందు లేరు, ఇకముందు ఉండరని గర్వంగా ముగిస్తాడు. అంతసేపు అంత నిగ్రహం చూపినవాడికి ఆ ఒక్క గర్వం చెల్లుతుందనిపిస్తుంది.

ఇక వ్యవహారం అనే నిర్మాణపు సొగసు చూద్దాం. దానికి నాలుగు పాదాలన్నారు. వాది తన మాట చెప్పుకోవడం భాషాపాదం. ప్రతివాది జవాబు ఉత్తరపాదం. రుజువు చూపడం క్రియాపాదం. సాధించవలసింది సాధించడం, అంటే నిర్ణయం, సాధ్యసిద్ధిపాదం. పద్యానికి నాలుగు పాదాలు ఉన్నట్టే తగవుకూ నాలుగు పాదాలు. పద్యంలో ఒక పాదం గణం తప్పితే పద్యం కుంటినట్టే, ఇక్కడ ఒక పాదం తప్పితే న్యాయం కుంటుతుంది. వాది మాట్లాడకముందే రుజువులు వెతకకూడదు. జవాబు వినకముందే తీర్పు పలకకూడదు. ఈ వరుసలోనే దాని సౌందర్యమంతా ఉంది.

మొదటి పాదంలోనే ఎంత మర్యాద ఉందో గమనించండి. పీడితుడు తనంతట తానుగా వచ్చి రాజుకు చెప్పుకుంటేనే అది వ్యవహారం అవుతుందని యాజ్ఞవల్క్యుడి మాటకు విజ్ఞానేశ్వరుడి వివరణ. రాజు గాని, రాజోద్యోగి గాని తగవును తమంతట తాము పుట్టించరాదని మనువూ అన్నాడు. వచ్చినవాడి మాటను ప్రతివాది ఎదుటనే, సంవత్సరం, మాసం, పక్షం, దినం, పేరు, కులం వంటి గుర్తులతో రాయాలి. వాది మాటను అతని సహజమైన పలుకుబడిలోనే న్యాయాధికారి అయిన ప్రాడ్వివాకుడు ముందు పలక మీద సుద్దతో రాయించి, దిద్ది, ఆ తరువాతే పత్రానికి ఎక్కించాలని కాత్యాయనుడి నియమం. ప్రతివాది జవాబు చెప్పేదాకా ఆ మాటను సరిచేసుకునే వీలుందని నారదుడు అన్నాడు. కోపంతో, భయంతో, చదువు రాని తడబాటుతో సభకు వచ్చిన మనిషికి మొదటి మాటే ఉరితాడు కాకుండా చూసిన దయ ఇది.

రెండో పాదంలో జవాబులు నాలుగే. అవునని ఒప్పుకోవడం ఒకటి. కాదని తోసిపుచ్చడం రెండు. అవును, తీసుకున్నాను, కానీ తిరిగి ఇచ్చేశాను అన్నట్టు ఒప్పుకుంటూనే కారణం చెప్పడం మూడు. ఈ తగవు ఇంతకు ముందే తేలిపోయింది, ఇతను అప్పుడే ఓడిపోయాడు అనడం నాలుగు. మనిషి మనిషికి చెప్పగల జవాబులన్నీ ఈ నాలుగింటిలో ఒదుగుతాయి. నాలుగో జవాబుకు పూర్వన్యాయం అని పేరు. తేలిన తగవును మళ్లీ తిరగదోడరాదన్న ఈ సూత్రం 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ సెక్షన్‌లోనూ కనిపిస్తుంది. ఆ సెక్షన్ వేరే దారిలో, రోమన్ న్యాయం నుంచి ఇంగ్లండు మీదుగా వచ్చింది. దూరదూరాన ఉన్న రెండు నాగరికతలు ఒకే మాటకు చేరుకున్నాయంటే, తగవుకు ఎక్కడో ఒకచోట ముగింపు ఉండాలన్న కోరిక మనిషిలోనే ఉందన్నమాట.

తగవుల జాబితాను మనువు 18 పదాలుగా చెప్పాడు. అప్పు, దాపుడు సొమ్ము, తనది కానిదాన్ని అమ్మడం, పాళ్ల వ్యాపారం, ఇచ్చిన దానం వెనక్కి తీసుకోవడం, కూలి ఎగ్గొట్టడం, కట్టుబాటు తప్పడం, పశువుల కాపరితో పేచీ, పొలం గట్టు, తిట్లు, కొట్లాట, దొంగతనం, అన్నదమ్ముల పంపకం వంటివి. ఒక ఊరి జీవితమంతా ఇందులో ఉంది. వీటిలో ఒకటి నన్ను ప్రత్యేకంగా ఆపేస్తుంది: క్రయవిక్రయానుశయం. కొన్నాక గాని, అమ్మాక గాని కలిగే పశ్చాత్తాపం. మనసులో పుట్టిన ఒక భావానికి శాస్త్రం తన పట్టికలో చోటిచ్చింది. సరుకును పరీక్షించుకోవడానికి యాజ్ఞవల్క్యుడు గడువులు పెట్టాడు: విత్తనాలకు 10 రోజులు, ఇనుముకు 1, బరువు మోసే పశువుకు 5, రత్నాలకు 7, పాడి పశువుకు 3. ఇనుము చూడగానే తెలుస్తుంది. విత్తనం మాత్రం మొలకెత్తితే గాని నిజం చెప్పదు. సూత్రం రాసినవాడికి కమ్మరి కొలిమీ తెలుసు, రైతు మడీ తెలుసు.

పొలం గట్టు తగవులో శాస్త్రం ఏకంగా ఒక దృశ్యాన్నే కట్టి చూపుతుంది. హద్దు తెలియనప్పుడు ఇరుగుపొరుగు పల్లెలవాళ్లు నలుగురు గాని, ఎనిమిదిమంది గాని, పదిమంది గాని ఎర్రని మాలలు వేసుకుని, ఎర్రబట్టలు కట్టుకుని, నెత్తిన మట్టి పెట్టుకుని ఆ హద్దు మీదుగా నడవాలి. వాళ్లు నడిచిన దారే హద్దు. పండిన పైరు మధ్య ఆ ఎరుపు, నెత్తి మీద ఆ మన్ను, ఊరంతా నిలబడి చూస్తూ ఉండడం. అబద్ధం ఆడదలచినవాడు ఏ నేల గురించి అబద్ధమాడబోతున్నాడో ఆ నేలనే తల మీద మోస్తున్నాడు. ఏ రంగస్థలం మీదా ఇంతకంటే అర్థవంతమైన ఆహార్యం ఉండదు.

అసలు రహస్యం మూడో పాదంలో ఉంది. అబద్ధమాడేవాడి గుర్తులను యాజ్ఞవల్క్యుడు వరుసగా చెప్పాడు. ఒకచోట నిలవడు. పెదవుల చివరలు నాకుతాడు. నుదుట చెమట పడుతుంది. ముఖం రంగు మారుతుంది. నోరెండి మాట తడబడుతుంది. ముందొకటి, వెనకొకటి చెబుతాడు. ఎదుటివాడి మాటకు మాట, చూపుకు చూపు ఇవ్వలేడు. పెదవి వంకర తిరుగుతుంది. ఈ వరుస చదవగానే అలంకారశాస్త్రం తెలిసినవాడికి భరతుడు గుర్తుకొస్తాడు. స్వేదం, స్వరభంగం, వైవర్ణ్యం నాట్యశాస్త్రం చెప్పిన ఎనిమిది సాత్త్వికభావాల్లోవే. లోపలి కదలిక శరీరం మీద ఎలా పైకి తేలుతుందో నటుడికి నేర్పిన చదువూ, న్యాయమూర్తికి నేర్పిన చదువూ ఒకే చూపుతో మనిషిని చూశాయి.

అయితే రెండు విద్యలూ ఇక్కడి నుంచే విడిపోతాయి. నాటకశాలలో చెమట పట్టిన నుదుటిని చూసి సామాజికుడు భయమనో, అనురాగమనో రసాన్ని అనుభవిస్తాడు. అక్కడ పైకి కనిపించిందే ప్రమాణం. న్యాయసభలో అలా కాదు. విజ్ఞానేశ్వరుడు ఆ శ్లోకాల దగ్గర ఆగి, ఇవన్నీ తప్పు ఉండవచ్చునన్న ఊహకు మాత్రమే పనికొస్తాయి, తప్పును నిశ్చయించడానికి కావు అంటాడు. సభను చూసి సహజంగా బెదిరినవాడి చెమట ఏదో, అబద్ధం వల్ల పట్టిన చెమట ఏదో విడదీయడం కష్టం. ఎవరో మహానిపుణుడు విడదీయగలిగాడే అనుకుందాం. అప్పుడు కూడా దాన్నిబట్టి ఓటమి నిర్ణయించరాదు. చావు లక్షణాలు కనిపించాయని బతికున్న మనిషికి ఎవరూ అంత్యక్రియలు చేయరు కదా అని అతని ప్రశ్న.

ఈ వాక్యం దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. 900 ఏళ్ల కిందట ఒక పండితుడు, తన ముందున్న స్మృతి కంఠోక్తిగా చెప్పిన గుర్తులను కాదనకుండానే వాటి కోరలు తీసేశాడు. మనిషి ముఖం చూసి మనిషిని శిక్షించే తొందరపాటుకు అడ్డుగా నిలబడ్డాడు. భయపడ్డవాడల్లా దోషి కాడు, తడబడ్డవాడల్లా అబద్ధాలకోరు కాడు అని పేదవాడి పక్షాన పలికాడు. కాత్యాయనుడి నిర్వచనం ఇక్కడ ప్రాణం పోసుకుంది. ముఖంలో వికారం కనబడితే సందేహం పుడుతుంది. వ్యవహారం సందేహాన్ని పుట్టించి వదిలేది కాదు, హరించేది. హరించడానికి పత్రం కావాలి, అనుభవం కావాలి, సాక్షి కావాలి. యాజ్ఞవల్క్యుడు లిఖితం, భుక్తి, సాక్షులు అని ఎంచినవి ఇవే. అవి లేనప్పుడు చెప్పిన త్రాసు, అగ్ని, జలం, విషం, కోశం అనే దివ్యపరీక్షలు మనుషుల చేతిలో రుజువు మిగలని చోట ఆ కాలం వెతుక్కున్న దిక్కు.

ఈ శాస్త్రమెంత తెలిసినా సందేహం ఎలా మోసగించగలదో చూపిన కవి శూద్రకుడు. మృచ్ఛకటికం తొమ్మిదో అంకం పేరే వ్యవహారం. న్యాయాధికారి, శ్రేష్ఠి, కాయస్థుడు కొలువై ఉంటారు. రాజుగారి బావమరిది శకారుడు, గణిక వసంతసేనను తానే గొంతు నులిమి వదిలి, ఆ నేరాన్ని ఆమె ప్రేమించిన చారుదత్తుడి మీద మోపుతాడు. విచారణ క్రమం తప్పకుండా సాగుతుంది. వసంతసేన తల్లిని పిలుస్తారు. తోటకు మనిషిని పంపితే ఎవరో స్త్రీ శవం కనిపించిందని వార్త వస్తుంది. అంతలో చారుదత్తుడి మిత్రుడు మైత్రేయుడు శకారుడితో కలబడితే, మైత్రేయుడి చంకలోంచి వసంతసేన నగలు జారిపడతాయి. ఆమె ఆ నగలను చారుదత్తుడి కొడుకు మట్టిబండి చూసి ఏడుస్తుంటే బంగారుబండి చేయించుకోమని ప్రేమతో ఇచ్చింది. ప్రేమకు గుర్తైన నగలే సభలో హత్యకు సాక్ష్యమయ్యాయి.

ఆ సన్నివేశంలో కరుణ ఎక్కడ ఉందో వెతికితే, అది చారుదత్తుడిలో సగమే దొరుకుతుంది. మిగిలిన సగం న్యాయాధికారిలో ఉంది. అతనికి నమ్మకం లేదు. ఇలాంటి మనిషి ఇలాంటి పని చేస్తాడా అని మనసు ఒప్పుకోదు. కానీ రుజువులన్నీ ఒకవైపే నిలిచాయి. వసంతసేన తల్లి ఆ నగలు కూతురి నగల్లాగే ఉన్నాయి గాని అవి కావు అని చెప్పి కాపాడబోయినా, చారుదత్తుడే అవి ఆమెవేనని ఒప్పుకుంటాడు. నిర్ణయం చెప్పడం తమ వంతు, ఆ పైది రాజు వంతు అంటూ, బ్రాహ్మణుణ్ణి చంపరాదని మనువు చెప్పాడని గుర్తుచేసి దేశబహిష్కారం సూచిస్తాడు న్యాయాధికారి. పాలకరాజు మరణశిక్ష వేస్తాడు. చనిపోయిందనుకున్న మనిషి బతికి వచ్చాక గాని నిజం తేలలేదు. విజ్ఞానేశ్వరుడు చెప్పిన జాగ్రత్త ఎందుకు కావాలో శూద్రకుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే కథగా కట్టాడు. శాస్త్రం, కావ్యం రెండు చేతులై ఒకే సత్యాన్ని పట్టుకున్నాయి.

సభలో కూర్చున్నవాళ్ల మీదా శాస్త్రం కన్ను ఉంది. ప్రేమకో, ఆశకో, భయానికో లొంగి స్మృతికి విరుద్ధంగా తీర్పు చెప్పిన సభ్యులు ఒక్కొక్కరూ ఓడినవాడు కట్టవలసిన దండానికి రెట్టింపు కట్టాలని యాజ్ఞవల్క్యుడి మాట. సభలో అడుగుపెట్టవద్దు, పెడితే నిజం చెప్పాలి, మౌనమూ పాపమే అని మనువు. భారతంలో ద్రౌపది కురుసభలో అడిగింది అచ్చమైన వ్యవహారప్రశ్న: తనను తాను ఓడిపోయినవాడికి నన్ను పందెం ఒడ్డే స్వామ్యం మిగిలిందా? తనది కానిదాన్ని అమ్మడం తగవుల పట్టికలో ఉన్నదే. విదురుడు, వికర్ణుడు తప్ప సభలోని పెద్దలెవరూ సూటిగా జవాబివ్వలేదు. ఆ మౌనానికి పడిన దండం కురుక్షేత్రం. నన్నయ సభాపర్వాన్ని ఈ చదువుతో చదివితే ద్రౌపది కన్నీటి వెనుక ఆమె తర్కం ఎంత పదునైనదో తెలిసి గౌరవం రెట్టింపవుతుంది.

ఆస్తి గురించి మాట్లాడే చోట విజ్ఞానేశ్వరుడి ప్రతిభ పతాకస్థాయికి చేరుతుంది. స్వత్వం, అంటే నాది అన్న హక్కు, శాస్త్రం చెప్పడం వల్ల వచ్చిందా, లోకం వల్ల వచ్చిందా అన్నది పెద్ద చర్చ. అతడు లోకం వల్లనే అంటాడు. శాస్త్రం పేరైనా వినని సరిహద్దు ప్రాంతాల జనంలోనూ కొనడం, అమ్మడం ఉన్నాయి, నాది నీది ఉన్నాయి కదా అని ఎత్తిచూపుతాడు. ఒక మహాశాస్త్రపండితుడు తన శాస్త్రానికి హద్దు గీసి, అడవి అంచున బతికే అనామకుణ్ణి సాక్షిగా నిలబెట్టాడు. శాస్త్రం అనుమతించినదైనా లోకం ఏవగించుకుంటే ఆచరించరాదన్న యాజ్ఞవల్క్యుడి మాటను కూడా పంపకాల దగ్గర పైకి తెచ్చాడు. పెద్దకొడుక్కి ఎక్కువ వాటా అన్న పాత విధిని, లోకం ఒప్పుకోవడం లేదు కనుక వదలాలని వాదించాడు. సపిండులంటే పిండప్రదానంతో ముడిపడ్డవాళ్లు కారు, ఒకే శరీరపు అంశలు పంచుకున్నవాళ్లు అన్నాడు. తల్లి నుంచి, తండ్రి నుంచి బిడ్డకు దేహమే దిగివస్తుంది కనుక బంధుత్వం రక్తమాంసాల్లోనే ఉందని చూశాడు. ఈ చూపు శాస్త్రకారుడిదా, కవిదా అని విడదీయడం నా వల్ల కాదు.

కాళిదాసు శాకుంతలం ఆరో అంకంలోనూ ఇలాంటి ఆస్తి వ్యవహారం ఒకటి ఉంది. ధనమిత్రుడనే సముద్రవర్తకుడు ఓడ మునిగి చనిపోయాడు, సంతానం లేదు, ధనమంతా రాజుకు చెందుతుందని మంత్రి పత్రం పంపుతాడు. రాజు దుష్యంతుడు అతని భార్యల్లో ఎవరైనా గర్భవతేమో విచారించమంటాడు. ఉందని తెలిశాక, కడుపులోని బిడ్డకు తండ్రి ఆస్తి దక్కుతుందని తీర్పు చెబుతాడు. ఆ తీర్పు ఇస్తున్నవాడు గర్భవతి అయిన తన భార్య శకుంతలను గుర్తుపట్టక వెళ్లగొట్టినవాడు. ఒక వారసత్వపు చిక్కును కాళిదాసు రాజు గుండె మీద పెట్టి నొక్కాడు. ఆ నాటకంలో బిడ్డ లేకపోతే సొమ్ము రాజుదే. కానీ సంతానం లేక, విడిపోయి ఉండి పోయినవాడి ఆస్తికి మొదటి హక్కుదారు భార్యేనని యాజ్ఞవల్క్యుడి శ్లోకాన్ని ఆసరా చేసుకుని విజ్ఞానేశ్వరుడు గట్టిగా నిలబడ్డాడు.

ఈ శాస్త్రంలో మెచ్చుకోలేనివి ఉన్నాయి. దండాలు వర్ణాన్నిబట్టి పెరుగుతాయి, తరుగుతాయి. సాక్ష్యానికి అర్హత కులాన్నీ, లింగాన్నీ చూస్తుంది. చారుదత్తుణ్ణి కాపాడబోయిన మనువాక్యం కూడా వర్ణం చూసిందే. విత్తనాలకు 10 రోజుల గడువు చెప్పిన ఆ శ్లోకంలోనే దాసీజనానికి ఒక నెల, దాసులకు పక్షం అని ఉంది. విత్తనం, రత్నం, మనిషి ఒకే వరుసలో! అక్కడ సౌందర్యం చచ్చిపోతుంది. దాన్ని దాచి రసవిమర్శ చేయడం సందేహాన్ని హరించడం కాదు, దాచిపెట్టడం. లోకం ఏవగించుకున్నది వదలాలన్న ఆ గ్రంథపు సూత్రంతోనే ఆ భాగాలను మనం వదిలాం. పుట్టుకతోనే వాటా అన్న మితాక్షర సిద్ధాంతం కొడుకుల దగ్గర ఆగిపోతే, ఆంధ్రప్రదేశ్ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్లికాని కుమార్తెలకూ ఆ హక్కునిచ్చింది. 2005లో అది దేశమంతటా కూతుళ్లందరికీ వచ్చింది. పాత భవనం కూల్చకుండానే తలుపులు తెరిచారు.

వ్యవహారం అన్న మాట శాస్త్రంలోనే ఉండిపోలేదు. జైనగణితజ్ఞుడు మహావీరుడి గణితసారసంగ్రహంలో లెక్కల ప్రకరణాలకు క్షేత్రగణితవ్యవహారం, ఛాయావ్యవహారం వంటి పేర్లున్నాయి. దాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు. అద్వైతులు మనం బతికే ఈ లోకపు సత్యాన్ని వ్యావహారిక సత్యమన్నారు. గిడుగు రామమూర్తి జనం నోట నడిచే భాషకు హక్కు కోసం పోరాడినప్పుడు ఆ భాషకు వ్యావహారికమనే పేరే స్థిరపడింది. తెలుగిళ్లలో పెళ్లి వ్యవహారం, డబ్బు వ్యవహారం, పొలం వ్యవహారం అంటాం. వ్యవహారదక్షుడంటే నలుగురిలో తగవు తీర్చగల పెద్దమనిషి. కోర్టులో వాది, ప్రతివాది, సాక్షి ఆ పాతశాస్త్రపు మాటలు. వకీలు, దావా, జప్తు, రాజీ నవాబుల కాలంలో వచ్చి చేరాయి. అప్పీలు, డిక్రీ, స్టే ఇంగ్లీషు నుంచి వచ్చాయి. మూడు పాలనల పొరలు ఒక్క గుమాస్తా రాసే కాగితంలో కలిసి కూర్చున్నాయి.

ఇన్ని దారులు తిరిగినా పదం మూలసారం చెడలేదు. శాస్త్రం వదిలి సంతకు వెళ్లినా, లెక్కకు వెళ్లినా, భాషకు వెళ్లినా, మనుషులు ఒకరితో ఒకరు మసలుకునే చోటే అది నిలిచింది. మనుషులు మసలుకునే చోట సందేహం పుడుతుంది. దాన్ని కోపం లేకుండా, లోభం లేకుండా, ముఖం చూసి తొందరపడకుండా తీయడమే నాగరికత. యాజ్ఞవల్క్యుడు వ్యవహారాధ్యాయం తొలి శ్లోకంలో రాజుకు పెట్టిన షరతు కూడా క్రోధలోభాలు విడిచి చూడమనే.

కావ్యాన్ని గొప్పచేసేది ఔచిత్యమని కాశ్మీర క్షేమేంద్రుడు 11వ శతాబ్దంలో చెప్పాడు. ఆ కొలతతో కొలిస్తే విజ్ఞానేశ్వరుడి వ్యవహారాధ్యాయం గొప్ప రచన. మాట ఎంత ఉండాలో అంతే ఉంది, అనుమానం ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. దాన్ని మన నుడికారంలోకి దించాలని సంకల్పించిన కేతనకు తెలుగుజాతి రుణపడి ఉంది. ఆ రుణం తీర్చే మార్గం కష్టమైనదేమీ కాదు. తెలుగు ఎం.ఏ. విద్యార్థులు దశకుమారచరిత్రతో పాటు విజ్ఞానేశ్వరీయం వ్యవహారకాండను పాఠంగా చదవాలి. న్యాయకళాశాలల విద్యార్థులు సివిల్ ప్రొసీజర్ కోడ్ పక్కన మృచ్ఛకటికం తొమ్మిదో అంకాన్ని పెట్టుకుని చదవాలి. ప్రచురణ సంస్థలు ఈ రెండింటినీ తేటతెలుగు వివరణలతో, తక్కువ ధరలో, విద్యార్థుల చేతికి అందేలా తేవాలి.